బీరువా నిండా సెంటు సీసాలు: లెక్క పెట్టేదెట్లా?

సందేహాలు - సమాధానాలు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచే వచ్చాయి. ఇందులో వింతేమీ లేదు. ఆ పక్క ఊళ్ళలో గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వీధి తక్కువ. సెలవుకు వచ్చినవాళ్ళ పెట్టెలో ఖర్జూరాల పక్కన సెంటు లేకపోవడం ఇంకా తక్కువ.

*మా ఇంటాయన చాలా ఏండ్లుగా కువైట్‌లో డ్రైవరు పని చేస్తున్నాడు. వచ్చినప్పుడల్లా సెంటు పెట్టెలు తెస్తాడు. చుట్టాలకు పంచగా మిగిలినవన్నీ నా బీరువాలో చేరినాయి. మొన్న లెక్కబెడితే నలభై తేలినాయి. కొన్ని తెరిచినవి, కొన్ని సీలు తియ్యనివి, ఒకే రకానివి మూడు కూడా ఉన్నాయి. ఏది ఎప్పుడొచ్చిందో గుర్తు లేదు. వీటిని ఒక పద్ధతిలో పెట్టుకునేదెట్లా?*
— ఒక గృహిణి, కలికిరి

అమ్మా, ముందు చిన్న గుణకారం చేద్దాం. స్ప్రే ఒకసారి నొక్కితే సుమారు 0.1 మి.లీ. బయటికి వస్తుంది. అంటే 100 మి.లీ. సీసాలో దాదాపు వెయ్యి నొక్కులు. మీ నలభై సీసాలూ అదే కొలతవి అనుకుంటే నలభై వేలు. రోజూ నాలుగు నొక్కులు కొట్టుకున్నా పదివేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్ళు వస్తాయి. ఆ ఇరవై ఏడేళ్ళలో మీవారు ఇంకెన్ని సెలవులకు వస్తారో, ఆ లెక్క మీకే వదిలేస్తున్నాను.

అందుకే చెబుతున్నాను, మీరు రాసే పుస్తకం ఎన్ని ఉన్నాయో చూసి మురిసిపోవడానికి కాదు. ఏది ముందు వాడాలి, ఏది ఎవరికి ఇచ్చెయ్యాలి, ఏది ఇంకా తెరవకూడదు అన్న మూడు విషయాలు అది చెప్పాలి. చెప్పకపోతే ఎంత అందంగా గీతలు కొట్టినా దండగే.

ఒక పొడుగు నోటుపుస్తకం తీసుకోండి. సీసాకొక నంబరు వేసి చిన్న కాగితం ముక్క అడుగున అంటించండి. పక్కన అంటిస్తే అందం చెడుతుంది, మీద కారిన సెంటుకు సిరా కూడా చెదురుతుంది. బాల్ పెన్నుతో రాసి పైన పారదర్శక టేపు వేస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. ఒకసారి ఇచ్చిన నంబరు, సీసా అయిపోయినా సరే, ఇంకొకదానికి ఇవ్వకండి. పుస్తకంలో ఒక్కో సీసాకు ఒక్కో వరుస: నంబరు, పెట్టె మీద ఉన్న పేరు, ఎన్ని మి.లీ., ఎప్పుడొచ్చింది, ఎప్పుడు తెరిచారు, ఇప్పుడు ఏ అరలో ఉంది. ఇంతకు మించి మొదటి రోజే పెట్టుకుంటే పదో సీసా దగ్గర విసుగొచ్చి పుస్తకం మూసేస్తారు.

వీటిలో ఒక్క గడే నింపే ఓపిక ఉంటే, తెరిచిన తేదీ రాయండి. సీలు ఉన్నంతవరకు లోపలి సెంటు చాలా నిదానంగా మారుతుంది. వాడేకొద్దీ తగ్గిన సెంటు చోటును గాలి ఆక్రమిస్తుంది, ఆ గాలిలోని ఆక్సిజన్ నిమ్మ, నారింజ జాతి పరిమళాలను ముందుగా పాడు చేస్తుంది. అడుగున కాస్త మిగిలిన సీసా నిండు సీసా కన్నా త్వరగా చెడడానికి ఇదే కారణం. చాలా పెట్టెల మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, దాని మీద 24ఎం అనో 36ఎం అనో ఉంటుంది. తెరిచిన నాటి నుంచి అన్ని నెలలు అని అర్థం. తెరిచిన తేదీ తెలియకపోతే ఆ బొమ్మ ఎందుకూ పనికిరాదు. అలాగని ముప్పై ఏడో నెలలో సీసా పారెయ్యమని కాదు. వాసన చూడండి. కొట్టుకున్న మొదటి నిమిషంలో పుల్లటి వాసనో, వార్నిష్ లాంటి ఘాటో వస్తే అప్పుడు ఆలోచించండి.

ఎప్పుడొచ్చిందో గుర్తు లేదన్నారు. మీవారి పాస్‌పోర్టు తెరవండి. రాకపోకల ముద్రలన్నీ అందులో ఉంటాయి. పెట్టె మీద తయారీ తేదీ ఉంటే దాన్ని ఆ ముద్రలతో సరిచూస్తే ఏ సెలవులో వచ్చిందో చాలావరకు తేలిపోతుంది. తేలనివాటికి 'పాతది' అని రాసి ముందుకు పొండి.

ఎంత మిగిలిందన్నది ఇంకో చిక్కు. గల్ఫ్ సీసాలు సగం దాకా బంగారు రేకుతోనో, నల్ల గాజుతోనో ఉంటాయి, లోపల ఏమీ కనబడదు. వంటింట్లో డిజిటల్ త్రాసు ఉంటే చాలు. సెంటులో ఎక్కువ భాగం ఆల్కహాలే కాబట్టి నీళ్ళకన్నా తేలిక, ఒక మి.లీ. సుమారు 0.85 గ్రాము తూగుతుంది. కొత్త సీసాను మూతతో సహా తూచి రాసుకోండి. 310 గ్రాములు ఉన్న సీసా కొన్నాళ్ళకు 268 చూపితే 42 గ్రాములు ఖర్చయినట్టు, అంటే 100 మి.లీ.లో సగం. వాడకుండా పెట్టిన సీసా బరువు ఏడాదిలో తగ్గిందంటే మూత దగ్గర ఆవిరైపోతోందని గ్రహించి దాన్ని ముందు వాడెయ్యండి.

ఇక ఒకే రకం మూడింటి సంగతి. ఒకటి తెరవండి. తక్కిన రెండూ ఏ పెళ్ళికి, ఎవరికి అన్నది ఇప్పుడే పుస్తకంలో రాసిపెట్టండి. ఇచ్చాక ఎవరికిచ్చారో కూడా రాయండి. మన పెళ్ళిళ్ళలో కానుకలు ఇల్లిల్లూ తిరుగుతుంటాయి. మీ ఆడబిడ్డ ఇచ్చిన సీసాను మళ్ళీ ఆమెకే చుట్టి ఇచ్చే ప్రమాదం పుస్తకం ఒక్కటే తప్పించగలదు. బయట ఐదారు సీసాలకు మించి ఉంచకండి. ఒకటి అయిపోయాకే ఇంకొకటి తెరవండి.

*మా దాదాకు అత్తరంటే ప్రాణం. ఆయన పోయినాక ఒక చెక్కపెట్టెలో ఇరవై దాకా చిన్న గాజు బుడ్లు దొరికినాయి. సగానికి చీటీలు ఊడిపోయినాయి. కొన్ని నల్లగా, చిక్కగా ఉన్నాయి. చెడిపోయినట్టా? ఏవి ఏవో తెలుసుకునేదెట్లా? నమాజుకు పూసుకోవచ్చునా?*
— ఒక పాఠకుడు, పుంగనూరు

నల్లబడింది కాబట్టి చెడిందనుకోకండి. గంధపు నూనె మీద దించిన మంచి అత్తరు ఏళ్ళు గడిచేకొద్దీ మెత్తబడుతుందని దాన్ని పాతవేసుకునేవాళ్ళు ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ రాగి డేగ్‌లో పూలూ నీళ్ళూ పోసి, మూతి మట్టితో మూసి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే పాత్రలోకి దిగి అక్కడున్న గంధపు నూనెలో కలుస్తుంది. అలా తీసిన దాన్ని తోలు కుప్పెల్లో పోసి పెడితే మిగిలిన తేమ తోలు గుండా పోతుంది. దాదా గారి బుడ్లలో ఇలాంటివి ఒకటి రెండు ఉన్నా మీరు అదృష్టవంతులు. అయితే గంధం ధర చుక్కలనంటిన తర్వాత లిక్విడ్ పారఫిన్ వంటి చవక నూనెల మీద చేసిన అత్తర్లే బజారు నిండా ఉన్నాయి. వాటికి వయసుతో వచ్చే విలువ ఏమీ లేదు.

పేర్లు కనిపెట్టాలన్న తొందర వద్దు. ముందు నంబర్లు వెయ్యండి. రోజుకు రెండు బుడ్లకు మించి వాసన చూడకండి, ముక్కు అలసిపోయాక అన్నీ ఒకేలా తోస్తాయి. తెల్లటి మందపాటి కాగితాన్ని వేలెడంత ముక్కలు కోసి, ఒక్కోదాని మీద బుడ్డి నంబరు రాసి, చివర ఒక్క చుక్క అద్దండి. అప్పుడే ఒకసారి, నాలుగు గంటల తర్వాత ఒకసారి, మరునాడు పొద్దున ఒకసారి వాసన చూసి ఏమనిపించిందో మీ మాటల్లోనే రాయండి. 'మొదటి వాన పడ్డ నేల' అనిపిస్తే అది మట్టి అత్తరు కావచ్చు. తడిపిన వట్టివేళ్ళ తడక గుర్తొస్తే ఖస్. మొగలిపువ్వు ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. గులాబీ అత్తరు చలికాలం పొద్దున గడ్డకట్టినట్టు కనిపిస్తే భయపడకండి. అసలు గులాబీ నూనెలో మైనం లాంటి పదార్థం ఉంటుంది, చల్లబడితే పేరుకుంటుంది. అరచేతిలో కాసేపు పట్టుకుంటే కరుగుతుంది. ఇంత చేసినా తెలియనివాటిని హైదరాబాదు వెళ్ళినప్పుడు చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల్లో చూపించండి. ఆ వ్యాపారంలో పండిపోయినవాళ్ళు కాగితం ముక్క చూసే చెబుతారు, బుడ్డి మోసుకుపోనక్కర్లేదు.

కొలత రాసేటప్పుడు బజారు లెక్కే వాడండి: 12 మి.లీ. బుడ్డి తులం, 6 అర తులం, 3 పావు తులం. పాత రబ్బరు బిరడాలను నూనె తినేస్తుంది, వాటిని తీసేసి గాజు బిరడా ఉన్న బుడ్లలోకి మార్చండి. పక్కకు పడుకోబెట్టకండి, నిలబెట్టండి. పాత చీటీ ఎంత చిరిగినా పారెయ్యకండి, ఆ వరుస పక్కనే పుస్తకంలో అంటించండి.

నమాజు సంగతి మతపెద్దలు చెప్పాలి, నేను చెప్పేది కాదు. నేను చెప్పగలిగింది ఇంతే: నూనె అత్తరులో సాధారణంగా ఆల్కహాలు ఉండదు, స్ప్రే సీసాలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మీ పుస్తకంలో 'నూనె / స్పిరిట్' అని ఒక గడి పెట్టుకుంటే ఇంట్లో ఎవరికి ఏది కావాలో వెతుక్కోకుండా దొరుకుతుంది.

*మాది రేకుల ఇల్లు. మే నెలలో లోపల కూర్చోలేము. సెంట్లు ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చునా? బాత్‌రూమ్‌లో చల్లగా ఉంటుందని అక్కడ పెట్టినాను, తప్పా?*
— ఒక పాఠకురాలు, కుప్పం

బాత్‌రూమ్‌లోంచి ఈ రోజే తీసెయ్యండి. అక్కడి చల్లదనం నిలకడ లేనిది. వేడినీళ్ళ ఆవిరి వచ్చినప్పుడు వేడెక్కి, తర్వాత చల్లబడి, రోజుకు నాలుగైదుసార్లు ఆ మార్పు జరుగుతుంది. సెంటుకు వేడి ఎంత శత్రువో ఈ ఎక్కుడు దిగుడు కూడా అంతే.

ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, చెడిపోదు. కానీ తలుపు అరలో వద్దు, అది మాటిమాటికీ వేడెక్కుతుంది. గాలి చొరని డబ్బాలో పెట్టి అడుగు అరలో ఉంచండి, లేకపోతే పెరుగు కూడా ఊద్ వాసన కొడుతుంది. కరెంటు గంటల తరబడి పోయే చోట ఫ్రిజ్ వల్ల ఒరిగేది తక్కువ. దానికన్నా పడమటి ఎండ తగలని గోడ పక్కన, బీరువా అన్నిటికన్నా కింది అరలో, పెట్టెలతో సహా పెట్టడం మేలు. రేకుల ఇంట్లో వేడంతా పైకే చేరుతుంది కాబట్టి అటక మీద మాత్రం పెట్టకండి. సీసా వచ్చిన అట్టపెట్టె పారేసేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. వెలుతురు నుంచి సెంటును కాపాడేది అదే, తయారీ నంబరు కూడా దాని మీద ఉంటుంది.

ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో ఓస్మోథెక్ అని ఒక సంస్థ ఉంది. 1990లో పెట్టారు. ప్రపంచంలో ఇప్పుడు దొరకని పాత సెంట్లను సేకరించి దాచడమే దాని పని. వాళ్ళు చేసేది వింటే మనకు దారి తెలుస్తుంది: చీకటి, 12 డిగ్రీల చల్లదనం, సీసాలో ఖాళీ జాగాలో గాలికి బదులు ఆర్గాన్ వాయువు. ఈ మూడింట్లో చీకటి మనకు ఊరికే దొరుకుతుంది. చల్లదనం కాస్త తిప్పలు పడితే దొరుకుతుంది. ఆర్గాన్ లేదు కాబట్టి తెరిచినదాన్ని త్వరగా వాడెయ్యడమే మన ఆర్గాన్.

ఇంకో మాట, ఇది అడక్కపోయినా చెప్పాలి. స్ప్రే సెంటు మండుతుంది. గల్ఫ్ నుంచి వచ్చిన ఇళ్ళలో బఖూర్ పొగ వేసే అలవాటు పెరిగింది. నిప్పు మీద బఖూర్ వేసిన గదిలో, దేవుడి దీపం దగ్గర, పొయ్యి దగ్గర సెంటు కొట్టుకోవద్దు. సీసాల అర వీటన్నిటికీ దూరంగా ఉండాలి. ఎండలో నిలబెట్టిన కారు డాష్‌బోర్డు మీద, బండి సీటు కింద కూడా వద్దు.

*నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. పెద్ద సీసాలు కొనే స్తోమత లేక 2, 5 మి.లీ. డీకాంట్లు (పెద్ద సీసాలోంచి చిన్న సీసాలోకి పోసిన సెంటు) తెప్పించుకుంటాను. అరవై దాకా ఉన్నాయి. ఎక్సెల్‌లో ఇరవై కాలమ్‌లతో షీటు చేసినాను కానీ నింపలేకపోతున్నాను.*
— ఒక విద్యార్థి, మదనపల్లె

తమ్ముడూ, ఇరవై కాలమ్‌లు పెట్టిన రోజే ఆ షీటు చచ్చిపోయింది. ఆరు ఉంచు, మిగతావి దాచెయ్యి. పేరు, కంపెనీ, ఎన్ని మి.లీ., ఎప్పుడు వచ్చింది, పది మార్కులకు ఎన్ని, మళ్ళీ కొంటావా లేదా. చివరిదానికి 'అవును', 'కాదు' తప్ప మూడో జవాబు రాయకు. 'చూద్దాం' అన్న డీకాంట్ ఎప్పటికీ 'చూద్దాం'గానే ఉంటుంది.

తేదీని ఏడాది, నెల, రోజు వరుసలో రాస్తే, సార్ట్ చేసినప్పుడు షీటు కాలక్రమంలో సర్దుకుంటుంది. ఒకే కంపెనీ పేరును మూడు రకాలుగా రాస్తే వెతికినప్పుడు దొరకదు, కాబట్టి ఒకసారి ఒక స్పెల్లింగు పెట్టుకుని దానికే కట్టుబడు. కొన్న బిల్లు మెరిసే పల్చటి కాగితం మీద ఉంటే నెలల్లో అక్షరాలు మాయమవుతాయి, వచ్చిన రోజే ఫోటో తియ్యి.

డీకాంట్లు పెద్ద సీసాలకన్నా త్వరగా ఆవిరైపోతాయి. చిన్న ప్లాస్టిక్ స్ప్రే మూత సందులోంచి ఎప్పుడూ కొంచెం పోతూనే ఉంటుంది. అందుకని అరవైలో సగం దిగినవాటిని ముందు వరుసలో పెట్టి, రోజుకొకటి చొప్పున వాడుతూ పో. మార్కులు ఒక్కరోజు వాసనకు వెయ్యకు. ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి వేసి చూడు. మేలో తల తిప్పించే తియ్యటి వనిల్లా డిసెంబరు పొద్దున హాయిగా ఉంటుంది.

*నాకు రెండు సెంట్లు కలిపి వేసుకోవడం ఇష్టం. బాగా కుదిరిన జత మళ్ళీ గుర్తుండదు. దీనికి ఏదైనా పద్ధతి ఉందా?*
— ఒక టీచరు, వాల్మీకిపురం

ఉంది. పద్నాలుగు వందల ఏళ్ళకు పైబడిన పద్ధతి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయమే పెట్టాడు. పదహారు సుగంధ ద్రవ్యాలను నాలుగు నిలువు, నాలుగు అడ్డం గడుల్లో వేసి, ఒక్కో గడిలో ఎన్ని పాళ్ళో అంకె ఇచ్చాడు. మొదటి వరుస 2, 3, 5, 8. రెండోది 5, 8, 2, 3. మూడోది 4, 1, 7, 6. నాలుగోది 7, 6, 4, 1. ఎటు కూడినా పద్దెనిమిదే. ఏ వరుస తీసుకున్నా మొత్తం పాళ్ళు అంతే ఉండి పరిమళం మాత్రం మారుతుంది. పదహారింట్లోంచి నాలుగేసి ఎంచితే 1,820 రకాలనీ, పాళ్ళు మార్చుకుంటూ పోతే 1,74,720 అనీ లెక్క కూడా కట్టాడు. సెంట్ల లెక్కకు ఇంతకన్నా పాత షీటు నాకు తెలిసి లేదు.

మీరూ గడుల కాగితం తీసుకోండి. అడ్డంగా మీ సెంట్ల నంబర్లు, నిలువుగా కూడా అవే. ఆరు సీసాలుంటే పదిహేను జతలే, ఒక నెలలో అన్నీ చూసెయ్యవచ్చు. నలభై సీసాలుంటే 780 జతలు, ఆ ఊసెత్తకండి. గడిలో మార్కు వేసి, ఏది ముందు ఎన్ని నొక్కులు, ఏది తర్వాత ఎన్ని అన్నది రాయండి. సాధారణంగా బరువైన ఊద్, గంధం, కస్తూరి రకం కింద, తేలికైన నిమ్మ, మల్లె రకం పైన. సీసాల్లోనే కలిపెయ్యడం మాత్రం వద్దు, కుదరకపోతే రెండూ పోతాయి.

*ఫోన్లో బ్యాచ్ కోడ్ కొట్టి చూస్తే అసలుదే అని వచ్చింది. నమ్మవచ్చునా?*
— ఒక పాఠకుడు, కలికిరి

లేదు. ఆ కోడ్ తయారీ తేదీ చెబుతుందే తప్ప అసలుదని చెప్పదు. దొంగ సీసా చేసేవాడికి అసలు సీసా కోడ్‌ను అచ్చు గుద్దడానికి ఖర్చేమీ కాదు. పెట్టె మీది కోడ్, సీసా అడుగు కోడ్ వేరుగా ఉంటే మాత్రం అనుమానించాల్సిందే. పుస్తకంలో 'ఎక్కడ కొన్నది' అన్న గడి కోడ్ కన్నా ఎక్కువ నిజం చెబుతుంది. వేరే పేరుతో, ఫలానా సెంటు పోలికతో చేసిన గల్ఫ్ రకాలు దొంగవి కావు, వాటికి సిగ్గుపడనక్కర్లేదు. ఇంతకీ మీరు దుబాయ్ సొత్తు అనుకునే ఊద్ వెనక మన దేశమే ఉండవచ్చు. గల్ఫ్ అంతటా దుకాణాలున్న అజ్మల్ కంపెనీని 1951లో మొదలుపెట్టింది అస్సాం మనిషి. అక్కడి అగరు చెట్టుకు బూజు జాతి తెగులు సోకితేనే ఆ నల్లటి సుగంధ చెక్క తయారవుతుంది. ఆ చెట్టు అరుదైపోతున్నందున 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉంది. అసలైన ఊద్ నూనె, చెక్క కొంటే బిల్లు తప్పక దాచండి.

*మా తమ్ముడు వచ్చే నెల సెలవుకు వస్తున్నాడు. విమానంలో ఎన్ని సీసాలు తేవచ్చు? ముందే పార్సిల్ వెయ్యమందామా?*
— ఒక పాఠకురాలు, కలికిరి

పోస్టులో మండే ద్రవాలు పంపడం నిషిద్ధం. సెంటు ఆ కిందికే వస్తుంది, ఆ ఆలోచన మానండి. చేతి సంచిలో ఒక్కో సీసా 100 మి.లీ. దాటకూడదు, అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శక సంచిలో ఇమడాలి. లగేజీలో వేసేవైతే ఒక్కోటి 500 మి.లీ. లోపు, మనిషికి మొత్తం రెండు లీటర్లు. ఆ రెండు లీటర్లలోనే బాడీ స్ప్రేలు, ఇతర సింగారపు ద్రవాలు కూడా లెక్కకొస్తాయి. కాబట్టి ఇరవై సీసాలు సరిపోతాయనుకుని తెచ్చి, డియోడరెంట్ల దగ్గర చిక్కుకోవద్దని చెప్పండి. ఎయిర్‌లైన్ నిబంధన ఇంకా తక్కువ ఉంటే అదే వర్తిస్తుంది, టికెట్ మీద చూసుకోమనండి.

మూతల చుట్టూ టేపు వేసి, ఒక్కో పెట్టెను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బట్టల మధ్యలో పెట్టమనండి. బయలుదేరే ముందు మీ పుస్తకం పేజీలను ఫోటో తీసి అతనికి పంపండి. నాలుగోసారి అదే సీసా తేకుండా ఉంటాడు.